రాత్రి బీపీ దిగాలంటే: కొలవడం నుంచి 12 వారాల నడక దాకా

క్లినిక్‌లో 128/82. ఇంట్లో పొద్దున్నే చూసుకుంటే 130కి అటూ ఇటూ. మాత్ర మానకుండా వేసుకుంటున్నాను కదా, అంతా అదుపులోనే ఉందనుకుని మూడేళ్లు గడిపేశాను. ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె ఎడమ గది గోడ కాస్త మందమైనట్టు కనిపించాక డాక్టరుగారికి అనుమానం వచ్చి 24 గంటల బీపీ మిషన్ కట్టించారు. మర్నాటి రిపోర్టులో పగటి సగటు 134/84, రాత్రి సగటు 131/79. నేను నిద్రపోతున్నాను గానీ నా రక్తనాళాలకు మాత్రం విశ్రాంతి లేదన్నమాట.

తర్వాత 12 వారాలు నడిచి, మళ్లీ మిషన్ కట్టించుకున్నాను. ఈలోగా చదివిందీ, డాక్టరును అడిగి తెలుసుకుందీ, తప్పు చేసి నేర్చుకుందీ ఇక్కడ వరుసగా పెడుతున్నాను. ఒక్క విషయం మాత్రం ముందే చెప్తాను. రాత్రి పూట బీపీ ఎన్ని శాతం దిగిందన్న లెక్క కన్నా, రాత్రి సగటు ఎంత ఉందన్నదే ముఖ్యం. ఈ తేడా తెలియక, పనిచేస్తున్న వ్యాయామాన్ని కూడా పనిచేయడం లేదనుకుని మానేసేవాళ్లు ఉంటారు. అదెలాగో చివర్లో అంకెలతోనే చూద్దాం.

రాత్రి అంకెకు అంత విలువ ఎందుకు

మామూలుగా నిద్రలో బీపీ పగటి సగటు కన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. 1988లో డబ్లిన్‌లో ఇయోన్ ఓబ్రయన్ బృందం లాన్సెట్ పత్రికలో ఇలా దిగేవాళ్లను ‘డిప్పర్లు’ అనీ, దిగనివాళ్లను ‘నాన్ డిప్పర్లు’ అనీ పిలిచింది. దిగనివాళ్లలో పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్నారని కూడా గమనించింది. అప్పటి నుంచి వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో తేలింది ఏమిటంటే, ముందు ముందు గుండెపోటు, పక్షవాతం ఎవరికి వస్తాయో అంచనా వేయడానికి పగటి బీపీ కన్నా రాత్రి బీపీయే బాగా పనికొస్తుంది.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పగటి అంకెలో మెట్లెక్కడం, టెన్షన్, కాఫీ, ఫోన్లో గొడవ అన్నీ కలిసి ఉంటాయి. నిద్రలో అవేవీ ఉండవు. ఏ పనీ లేనప్పుడు కూడా ఒత్తిడి ఎక్కువగానే ఉంటే, ఆ భారం రోజుకు ఏడెనిమిది గంటలు అదనంగా గుండె మీదా, కిడ్నీల మీదా, మెదడులోని సన్నటి నాళాల మీదా పడుతున్నట్టే.

మొదటి అడుగు: మీ రాత్రి అంకె తెలుసుకోండి

ఇది తెలియకుండా మిగతావన్నీ చీకట్లో రాళ్లేయడమే. దీనికి నమ్మకమైన దారి 24 గంటల అంబులేటరీ బీపీ పరీక్ష. చేతికి పట్టీ కట్టి, నడుముకు చిన్న మిషన్ తగిలిస్తారు. పగలు 15 నుంచి 30 నిమిషాలకోసారి, రాత్రి సుమారు అరగంటకోసారి అది తనంతట తాను కొలుస్తుంది. మర్నాడు సగటులు తీస్తారు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం పగటి సగటు 135/85, రాత్రి సగటు 120/70, 24 గంటల సగటు 130/80 లేదా అంతకు మించితే ఎక్కువ ఉన్నట్టు. 2017 అమెరికా మార్గదర్శకాలు ఇంకా కఠినం. వాటి ప్రకారం క్లినిక్‌లో 130/80 అంటే రాత్రి 110/65తో సమానం.

మిషన్ కట్టుకున్న రోజు సెలవు పెట్టి ఇంట్లో పడుకోకండి. ఎప్పటిలా పని చేసుకోండి. పట్టీ బిగుసుకోవడం మొదలుకాగానే చేయి కదపకుండా, వేలాడేసి ఆగిపోండి. పడుకున్న టైము, లేచిన టైము ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. మిషన్‌లో రాత్రి అంటే, ఉదాహరణకు, పది నుంచి ఆరు అని ముందే పెట్టేసి ఉంటుంది. మీరు పన్నెండున్నర దాకా టీవీ చూస్తే ఆ రెండున్నర గంటల రీడింగులు కూడా నిద్రలోవే అన్నట్టు లెక్కలో కలిసిపోతాయి. మీ కాగితం ఉంటే వాటిని విడదీయొచ్చు.

ఇంకొకటి, పడుకునే తీరు. పట్టీ ఉన్న చేయి పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకుంటే, ఆ చేయి గుండె కన్నా ఎత్తులో ఉంటుంది. 10 సెంటీమీటర్లు ఎత్తయితే రీడింగు 7, 8 మిల్లీమీటర్లు తక్కువ చూపిస్తుంది. నా రిపోర్టులో తెల్లవారుజాము 3:30కి ఒక్కటే 112 ఉంటే సంబరపడ్డాను. డాక్టరుగారు నవ్వి, ‘ఎటు తిరిగి పడుకున్నారు?’ అని అడిగారు.

పట్టీ చప్పుడుకు నిద్ర సరిగ్గా పట్టలేదని చాలామంది అంటారు. నిజమే, నాకూ పట్టలేదు. ఒక్క రాత్రి రిపోర్టు చూసి మీకు మీరే ‘నాన్ డిప్పర్’ ముద్ర వేసుకోవద్దనడానికి అదీ ఒక కారణం. ఒకే మనిషికి రెండుసార్లు పరీక్ష చేస్తే ఆ ముద్ర మారిపోవడం మామూలే. సగటు అంకె దానికన్నా నిలకడగా ఉంటుంది. ఇంట్లో వాడే మిషన్లలో కొన్నింటికి రాత్రి టైమర్ ఉంటుంది. నిద్రలో రెండు, మూడు, నాలుగు గంటలకు తామే కొలుస్తాయి. అలాంటిది దొరికితే వారంలో కొన్ని రాత్రులు చూసుకోవచ్చు. అంతేగానీ అలారం పెట్టుకుని లేచి కొలుచుకోవడం మాత్రం వద్దు. లేచాక కొలిచేది మెలకువలోని బీపీయే.

రెండో అడుగు: రాత్రి ఎందుకు దిగడం లేదో చూడండి

ఈ అడుగును నేను దాటేశాను. మీరు దాటేయకండి.

రాత్రి బీపీ దిగకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని నడకకు లొంగుతాయి, కొన్ని లొంగవు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది గురక. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడం, మళ్లీ ఉలిక్కిపడి పీల్చడం, దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, ఒంట్లో ప్రమాద ఘంటిక మోగినట్టు నరాల ఉద్రేకం పెరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది. రాత్రంతా ఇది పదులసార్లు, కొందరికి వందలసార్లు జరుగుతుంది. పక్కన పడుకునేవాళ్లను అడగండి. ‘మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తోందా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. మా ఆవిడ ఏడాదిగా చెబుతూనే ఉంది. అలసటలే అని కొట్టిపారేశాను.

తర్వాతది ఉప్పు, కిడ్నీలు. పగలు తిన్న ఉప్పును పగలే బయటికి పంపలేని కిడ్నీలు ఆ పనిని రాత్రికి వాయిదా వేస్తాయి. ఉప్పును తోసేయడానికి ఒత్తిడి కావాలి, అందుకని రాత్రి బీపీ పైనే నిలబడుతుంది. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోందంటే ఒక్కోసారి కథ ఇదే. ఉప్పు తగ్గించినా, నీటి మాత్ర (ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో పంపేసే మందు) ఇచ్చినా కొందరిలో రాత్రి బీపీ మళ్లీ దిగడం మొదలవుతుందని జపాన్ పరిశోధకులు 1990లలోనే చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాకు కాస్త తక్కువ.

వీటి తర్వాత చాలాకాలంగా ఉన్న షుగర్‌తో నరాలు దెబ్బతినడం, కిడ్నీ జబ్బు, నైట్ షిఫ్టులు, నొప్పితో నిద్ర చెడడం, పడుకునే ముందు మద్యం. మద్యం నిద్ర తెప్పిస్తుందనే మాటను ఆసరా చేసుకునేవాళ్లు రాత్రి రెండో సగంలో తమ రీడింగులు ఎలా ఉన్నాయో ఓసారి చూసుకోవాలి.

మూడో అడుగు: నడక మొదలుపెట్టే ముందు

బీపీ 180/110 అంతకన్నా ఎక్కువుంటే ముందు మందులతో దించుకుని, ఆ తర్వాతే వ్యాయామం. కదిలితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, మామూలుకు మించిన ఆయాసం, కళ్లు తిరగడం, గుండె దడ, ఇంతకుముందు గుండెజబ్బు, ఇవి ఉంటే డాక్టరుకు చూపించుకోకుండా మొదలుపెట్టకూడదు. ఏళ్లుగా కదలని మనిషి ఒక్కసారిగా పరుగెత్తాలనుకున్నా అంతే. మెల్లగా నడకతో మొదలుపెట్టేవాళ్లకు పెద్దగా పరీక్షలు అక్కర్లేదు గానీ, మీరు వేసుకునే మందులు వ్యాయామంతో ఎలా కలుస్తాయో తెలిసి ఉండాలి.

అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. ఎంత గట్టిగా నడిచినా వాచీలో పల్స్ పెద్దగా పెరగదు. పల్స్ చూసి వేగం పెంచబోతే ఒళ్లు హూనమే. నీటి మాత్రలు వేసుకునేవాళ్లు ఎండలో నడిస్తే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరగొచ్చు. ఆమ్లోడిపిన్, ప్రాజోసిన్ లాంటివి నాళాలను వెడల్పు చేస్తాయి కాబట్టి, వేగంగా నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి తల తేలిపోయినట్టు అవుతుంది. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు సాయంత్రం ఎక్కువసేపు నడిస్తే అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. అలా పడిపోతే రాత్రి బీపీ ఇంకా పెరుగుతుంది.

ఇక మోకాళ్ల నొప్పి మాత్రల సంగతి. బీపీ కోసం నడక మొదలుపెడతారు, మోకాలు పట్టేస్తుంది, రోజూ ఐబుప్రోఫెనో డైక్లోఫెనాకో వేసుకుంటారు. ఆ మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మందుల పనిని మొద్దుబారుస్తాయి కూడా. ఒక చేత్తో దించి ఇంకో చేత్తో ఎత్తినట్టే. మోకాలు సహకరించకపోతే సైకిల్ తొక్కండి, ఈదండి, నీళ్లలో నడవండి. నాళాలకు కావలసింది పెద్ద కండరాలు లయగా కదలడం. అది ఏ రూపంలో ఉన్నా సరే.

వ్యాయామం రాత్రి మీద ఎలా పనిచేస్తుంది

ఇందులో రెండు పొరలున్నాయి. మొదటిది ఆ రోజుది. అరగంట నడిచి ఆగాక కండరాల్లోని నాళాలు గంటల తరబడి వెడల్పుగానే ఉంటాయి, బీపీ నడకకు ముందున్నదానికన్నా తక్కువలో నిలుస్తుంది. బీపీ ఉన్నవాళ్లలో ఇది కొన్ని గంటల నుంచి దాదాపు ఒక రోజు దాకా ఉండొచ్చు. అంటే సాయంత్రపు నడక ఫలం ఆ రాత్రి నిద్రలోకీ వస్తుంది, రెండు రోజులు మానేస్తే ఆ ఫలం పోతుంది. రోజు మార్చి రోజైనా నడవాలని, రెండు రోజులు వరసగా మానొద్దని చెప్పేది ఇందుకే.

రెండో పొర వారాల మీద కట్టుకునేది. నాళాల లోపలి పొర, నాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను మెరుగ్గా తయారుచేస్తుంది, ధమనుల బిరుసు కొంత తగ్గుతుంది, ఒంట్లో ఎప్పుడూ మోగుతుండే ఉద్రేకపు నరాల గోల సద్దుమణుగుతుంది. నిద్ర గాఢమవుతుంది. స్లీప్ ఆప్నియా కూడా, బరువు తగ్గకపోయినా, కొంత తగ్గుతుంది. దీనికి చెప్పే కారణాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. రోజంతా కూర్చుంటే కాళ్లలో నీరు చేరుతుంది. పడుకోగానే ఆ నీరు మెడ వైపు జారి గొంతు దారిని ఇరుకు చేస్తుంది. పిక్కలు పనిచేస్తే ఆ నీరు చేరడమే తగ్గుతుంది.

ఇంత చెప్పాక, ఆధారాలు ఎక్కడ గట్టిగా ఉన్నాయో ఎక్కడ లేవో కూడా చెప్పాలి. నడక, సైకిల్ లాంటి ఏరోబిక్ వ్యాయామం పగటి బీపీని తగ్గిస్తుందనడంలో పెద్ద తగాదా లేదు. రాత్రి విషయంలో ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. 2013లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో పగటి సగటు సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గింది, రాత్రి మాత్రం లెక్కలోకి తీసుకునేంత తగ్గలేదు. అందులో బీపీ లేనివాళ్లు కూడా ఉన్నారు. 2020లో బీపీ రోగుల మీద జరిగిన పరీక్షలను మాత్రమే కూడేసి చూస్తే రాత్రి పై బీపీ కూడా సుమారు 4, 5 తగ్గినట్టు వచ్చింది. మందులకు లొంగని బీపీ ఉన్న 53 మందితో పోర్చుగల్‌లో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, వారానికి మూడుసార్లు చొప్పున 12 వారాలు చేయిస్తే, 24 గంటల పై బీపీ సగటున 7 తగ్గింది, పగటిది 8 దాటి. ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ తగ్గుతుందని మాత్రం చాలాచోట్ల కనిపిస్తుంది. 5 తగ్గితే ఏం లాభమని తీసిపారేయకండి. ఒక్కో మాత్ర తగ్గించేది కూడా దీనికి మరీ దూరమేమీ కాదు. అలాగని మాత్ర మానేసి నడవమని దీని అర్థం కాదు. ఈ పరీక్షల్లో చాలామంది మాత్ర వేసుకుంటూ నడిచినవాళ్లే.

నాలుగో అడుగు: ఎంత వేగం

మాటే మీ మీటరు. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు. అదే మధ్యస్థ వేగం. రెండు మాటలకోసారి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. రాగం తీయగలుగుతున్నారంటే షికారు చేస్తున్నారు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 దాకా ఉండే శ్రమ కొలబద్ద మీద ఇది సుమారు 12, 13 దగ్గర పడుతుంది. ‘కాస్త కష్టంగానే ఉంది, కానీ ఇంకాసేపు చేయగలను’ అనిపించే చోటు.

బీటా బ్లాకర్ వాడనివాళ్లు పల్స్ కూడా చూసుకోవచ్చు. 208 నుంచి, వయసును 0.7తో గుణించగా వచ్చింది తీసేస్తే గరిష్ఠ పల్స్ అంచనాకు వస్తుంది. 55 ఏళ్ల మనిషికి సుమారు 170. పొద్దున లేవగానే పల్స్ 75 అనుకోండి. తేడా 95. అందులో 40 శాతం అంటే 38, 60 శాతం అంటే 57. వీటిని 75కు కలిపితే 113 నుంచి 132 మధ్య ఉండాలి. ఇదీ అంచనానే, పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలు. మాటకూ పల్స్‌కూ పొంతన కుదరకపోతే నేను మాటనే నమ్ముతాను.

ఐదో అడుగు: 12 వారాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. మొదటి వారమే అక్కడికి చేరాలని లేదు.

మొదటి రెండు వారాలు రోజుకు 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఇది చాలా తక్కువ అనిపిస్తుంది, అనిపించనివ్వండి. నేను మొదటి రోజే 50 నిమిషాలు నడిచి మూడు రోజులు పిక్కలు పట్టుకుని కూర్చున్నాను. మూడో వారం నుంచి వారానికి ఐదేసి నిమిషాలు కలుపుకుంటూ పోతే ఐదో వారం చివరికి అరగంటకు వస్తారు. అప్పటికి వారానికి 150 నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలు అక్కడే ఆగండి. తొమ్మిదో వారం నుంచి నిమిషాలు 40కి పెంచవచ్చు, లేదా అరగంటలోనే మధ్యలో నాలుగుసార్లు రెండేసి నిమిషాలు వేగం పెంచి మళ్లీ మామూలు నడకకు రావచ్చు. రెండూ ఒకేసారి పెంచొద్దు.

ఒక రోజు నడకను దగ్గరగా చూపిస్తాను. మొదటి ఐదు నిమిషాలు ఏదో వస్తువు వెతుక్కుంటున్నంత మెల్లగా. ఆరో నిమిషం నుంచి మోచేతులు కాస్త వంచి, అడుగు పొడుగు పెంచకుండా అడుగుల సంఖ్య పెంచాలి. పదో నిమిషానికి మెడ వెనుక చెమట తగులుతుంది. అప్పుడు ఒక వాక్యం బయటికే చెప్పి చూసుకుంటాను. ‘ఇవాళ ఇంటికెళ్లాక కరెంటు బిల్లు కట్టాలి’ అంటాను. ఒక్క ఊపిరిలో వచ్చిందా, సరే. మధ్యలో తెగిందా, తగ్గిస్తాను. చివరి ఏడు నిమిషాలు వేగం మెట్లు దిగినట్టు దించుతాను. ఆ ఏడు నిమిషాలే అందరూ కోసేసేవి. ఒకసారి ఫోన్ మోగితే టక్కున ఆగి నిలబడి మాట్లాడాను. అర నిమిషంలో కళ్ల ముందు చీకట్లు కమ్మి, గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నేను వేసుకునేది ఆమ్లోడిపిన్. అప్పటి నుంచి ఫోన్ వచ్చినా నడుస్తూనే ఎత్తుతాను.

బరువులు ఎత్తేవాళ్లు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు, ఆ క్షణంలో బీపీ బాగా పైకి లేస్తుంది. మామూలు బరువులతో, ఊపిరి వదులుతూ వారానికి రెండు రోజులు చేయడం మంచిదే. కానీ ఇక్కడ దాన్ని నడకకు తోడుగానే చూడాలి.

జ్వరం ఉన్న రోజు, రాత్రంతా నిద్ర లేని రోజు, పొద్దున బీపీ బాగా ఎక్కువ చూపించిన రోజు మానేయండి. నడుస్తుండగా ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మాట తడబడటం, ఒక పక్క తిమ్మిరి వస్తే అది నడక ఆపి ఇంటికెళ్లి పడుకునే విషయం కాదు. నేరుగా అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

ఆరో అడుగు: పొద్దునా, సాయంత్రమా

అందరూ ముందు అడిగే ప్రశ్న ఇదే, తేల్చి చెప్పే జవాబు తక్కువున్నదీ దీనికే. అమెరికాలో, బీపీ హద్దు దగ్గర ఉన్న కొద్దిమందితో ఉదయం 7, మధ్యాహ్నం 1, రాత్రి 7 గంటలకు అరగంట ట్రెడ్‌మిల్ చేయించి చూస్తే, ఉదయం చేసిన రోజునే రాత్రి బీపీ ఎక్కువ దిగింది, నిద్రా బాగుంది. బ్రెజిల్‌లో మందులు వాడుతున్న 50 మంది మగవాళ్లతో పది వారాలు సైకిల్ తొక్కించి చూస్తే, సాయంత్రం తొక్కినవాళ్లకే మేలు ఎక్కువ కనిపించింది, నిద్రలో కింది బీపీ కూడా తగ్గింది. రెండూ చిన్న అధ్యయనాలే. మొదటిది ఒక్కో రోజు ప్రభావాన్ని చూసింది, రెండోది వారాల శిక్షణను.

నా అభిప్రాయం అడిగితే, మానకుండా చేయగలిగే టైమే మంచి టైము. రెండూ వీలైనవాళ్లు, ముఖ్యంగా రాత్రి అంకె కోసమే నడిచేవాళ్లు, సాయంత్రాన్ని ముందు ప్రయత్నించి చూడొచ్చు. అయితే చెమటలు కక్కే వ్యాయామం నిద్రకు గంట ముందే ఆగిపోవాలి. రెండు గంటల ఎడం ఉంటే ఇంకా మంచిది. భోజనం చేశాక మెల్లగా పది నిమిషాలు తిరగడం వేరు, దానికి ఈ హద్దు లేదు.

మాత్ర టైము మాత్రం మీ అంతట మీరు రాత్రికి మార్చకండి. రాత్రి వేసుకుంటే గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గుతాయని కొన్నాళ్లు గట్టిగా వినిపించింది. బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా పాల్గొన్న ‘టైమ్’ (TIME) అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాక పొద్దునకూ రాత్రికీ తేడా లేదని తేలింది. ఎవరికైనా మార్చాల్సిన కారణం ఉంటే డాక్టరే చెబుతారు.

ఏడో అడుగు: మళ్లీ కొలవండి, సరిగ్గా చదవండి

12 వారాలయ్యాక అదే తరహా పరీక్ష, వీలైతే అదే చేతికి, అదే తరహా పనిరోజున. ఈ మధ్యలో మందు మారి ఉంటే ఏది ఏ పని చేసిందో విడదీయడం కష్టం. అందుకని మార్పులుంటే తేదీలతో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మొదట చెప్పిన లెక్క. ఒకరికి ముందు పగలు 146, రాత్రి 136 అనుకుందాం. తేడా 10, అంటే సుమారు 7 శాతం. నాన్ డిప్పర్. 12 వారాల తర్వాత పగలు 140, రాత్రి 130. తేడా మళ్లీ పదే, శాతం మళ్లీ ఏడే. రిపోర్టు అడుగున మళ్లీ అదే ముద్ర, ‘నాన్ డిప్పర్’. ఆ మనిషి నీరుగారిపోయి నడక మానేస్తాడు. కానీ రాత్రి బీపీ 6 తగ్గింది! నడక పగటినీ రాత్రినీ రెండింటినీ దించింది కాబట్టే శాతం కదల్లేదు. పగలు మాత్రమే తగ్గి రాత్రి ఉన్నచోటే ఉంటే శాతం ఇంకా పడిపోతుంది, అప్పుడు మనిషి చెడిపోయినట్టు కనిపిస్తాడు. శాతం చూడండి, కానీ నిర్ణయం రాత్రి సగటు మీద తీసుకోండి.

నాది ఇలా వచ్చింది. పగలు 129/81, రాత్రి 122/74. రాత్రి పై బీపీ 9 తగ్గింది, తేడా 2 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. ముద్ర మారలేదు, 120/70 గీత కిందికి రానూ లేదు. ఒక్క మనిషి రెండు రిపోర్టుల్లో అదృష్టమెంతో నడక ఎంతో చెప్పలేం. మొదటి రాత్రి పట్టీ వల్ల నిద్ర పట్టకపోవడం, రెండోసారి అలవాటు కావడం కూడా ఇందులో కలిసే ఉంటాయి.

12 వారాలు ఒళ్లు వంచి చేసినా రాత్రి అంకె గీత పైనే ఉంటే, నిమిషాలు పెంచుకుంటూ పోవడం కన్నా రెండో అడుగుకు తిరిగి వెళ్లడం మేలు. కిడ్నీల పరిస్థితి చెప్పే పరీక్షలు, మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్, చూపించుకున్నారా? ఉప్పు నిజంగా తగ్గిందా, తగ్గిందనుకుంటున్నారా? వేసుకుంటున్న మందు ప్రభావం 24 గంటలూ నిలుస్తోందా? గురక సంగతేమిటి? డాక్టరుగారు నా రెండో రిపోర్టు చూసి నడక కొనసాగించమన్నారు, మందు ముట్టుకోలేదు. తర్వాత నా పక్కన కూర్చున్న మా ఆవిడ వైపు తిరిగి, ‘రాత్రిళ్లు ఊపిరి ఆగుతోందా అమ్మా?’ అని అడిగారు. ఆవిడ నా వైపు చూసిన చూపు నేను రాయను. నిద్ర పరీక్ష వచ్చే మంగళవారం.